వెంటనే బయలుదేరినాం

కార్వేటినగరం,
12 జూన్ 2024

లోహితా,

నీ మునస్వామి మామ కలం పట్టినాడంటే ఏదో కొంప మునిగిందనే మీ అమ్మ అనుకుంటుంది. మునగలేదు, ఆమెకు ఈ ఉత్తరం చూపించొద్దు. ఫోన్ చేయొచ్చు కదా అని నువ్వు అడుగుతావు. చేస్తే నువ్వు మాట్లాడేది నాకు వినపడదు, నేను అరిచేది ఊరంతా వింటుంది. ఇది ఊరంతా వినాల్సిన సంగతి కాదు. తిరుపతి బస్సు కండక్టరు మనకు తెలిసినవాడే, మీ ఆస్పత్రి గేటు దగ్గర ఇచ్చిపోతానన్నాడు.

పోయిన గురువారం మీ జ్ఞానాంబత్త వసారాలో కూర్చుని బియ్యం చెరుగుతూ ఉంది. చెవులు పోయినప్పటి నుంచి నేను ఆమె పెదాలు చూసే మాట అర్థం చేసుకుంటానని నీకు తెలుసు కదా. ఇన్నేళ్లలో ఆమె తిట్టిన ఒక్క తిట్టు కూడా నేను పోగొట్టుకోలేదు. ఆ రోజు నా వైపు తిరిగి ఏదో చెప్పింది. పెదాలు కదిలినాయి, మాట మాత్రం అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాను. అప్పుడు చూసినాను, నోరు ఒక పక్కకు జారి ఉంది. చేట కుడివైపు ఒరిగిపోయి బియ్యం ఒళ్లో పడుతున్నాయి, ఆ సంగతి ఆమెకు తెలియడం లేదు. నేను లేచి దగ్గరికి పోయి చెయ్యి పట్టుకునేసరికి అంతా సర్దుకుంది. "ఏందబ్బా అట్ల సూస్తాండావు?" అని నన్నే అడిగింది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది. రాయొద్దని మాత్రం అనలేదు కాబట్టి రాస్తున్నాను.

నాకు భయంగా ఉంది లోహితా. మామిడి అంట్లు కట్టే ఎల్లప్పను నువ్వు చిన్నప్పుడు చూసినావు. అతనికి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయి రెండేళ్లుగా మంచంలోనే ఉన్నాడు. అతనికీ ముందు ఒకసారి ఇట్లే వచ్చి పోయిందట. ఈసారి నిజంగా వస్తే మీ అత్తను ఎల్లప్ప మాదిరి కాకుండా ఎట్లా కాపాడుకోవాలి? నాకు కావలసింది అదొక్కటే.

నువ్వు ఆస్పత్రిలో పక్షవాతం వచ్చినవాళ్లనే చూస్తావు కాబట్టి అడుగుతున్నాను. తలలో ఏదో అయితే చేట ఎందుకు ఒరుగుతుంది? వచ్చింది ఎట్లా పోయింది? దానికేదో ఇంజెక్షన్ ఉందని, తొందరగా వేస్తే మనిషి లేచి నడుస్తాడని పేపర్లో చదివినాను. అది ఒకటి తెచ్చి మా ఫ్రిజ్‌లో పెట్టుకుంటే కుదరదా? పాల ప్యాకెట్ల పక్కన చోటుంది.

నీ మామ,
మునస్వామి

*

తిరుపతి,
15 జూన్ 2024

మామా,

నీ ఉత్తరం డ్యూటీ మధ్యలో నిలబడే చదివేశాను. ఫ్రిజ్ దగ్గరికి వచ్చేసరికి నవ్వొచ్చింది. ముందు నీ ప్రశ్నలకు జవాబులు చెప్పి తర్వాత తిడతాను.

మెదడుకు రక్తం తీసుకుపోయే నాళంలో చిన్న గడ్డ అడ్డం పడితే, దానికి అవతల ఉన్న భాగానికి రక్తం అందదు. ఆ భాగం కుడి చేతిని నడిపేదైతే చెయ్యి పడిపోతుంది, మాటను నడిపేదైతే మాట పోతుంది. అత్తకు గడ్డ దానంతటదే కరిగిపోయినట్టుంది. మళ్లీ అలాగే కరుగుతుందని ఎవరూ మాట ఇవ్వలేరు. కరగకపోతే ఆ ఇంజెక్షన్‌తో మేము కరిగించాలి. మొదలైన నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి, ఎంత ముందు ఇస్తే అంత మిగులుతుంది.

ఫ్రిజ్‌లో ఎందుకు కుదరదంటే, కొందరికి గడ్డ అడ్డం పడదు, నాళమే పగిలి లోపల రక్తం కారుతుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. రక్తం కారేవాళ్లకు ఆ మందు ఇస్తే మనమే ప్రాణం తీసినట్టు. తల స్కాన్ తీయకుండా ఏది ఏదో చెప్పలేం.

మా దగ్గర పద్ధతి మార్చాం మామా. ఇంతకుముందు చీటీ రాయించి, మంచం మీద పడుకోబెట్టి, డాక్టరు వచ్చి చూశాక స్కాన్‌కు పంపేవాళ్లం. ఇప్పుడు అంబులెన్సులో నుంచి దించిన స్ట్రెచర్ బండి మీదే మనిషిని నేరుగా స్కాన్ గదికి తీసుకుపోతాం. డాక్టరే అక్కడికి వస్తాడు, అక్కడే మందు ఎక్కిస్తాం. కాగితాలు తర్వాత. ఇంత చేసినా మీ వైపు నుంచి వచ్చేవాళ్లలో చాలామందికి ఆలస్యమైపోయి ఉంటుంది. ఎప్పుడు బయలుదేరారంటే ప్రతి ఒక్కరూ "ఎంటనే బయల్దేరినాం" అంటారు. కార్వేటినగరం నుంచి పుత్తూరు మీదుగా తిరుపతికి అంత దూరం లేదు కదా. మధ్యలో ఆ సమయం ఎటు పోతుందో మాకు అంతుపట్టడం లేదు.

నీకు షామియానా, వంటపాత్రల కొట్టు ఉంది. పెళ్లికైనా చావుకైనా నువ్వు అడుగుపెట్టని ఇల్లు లేదు. కాస్త కనుక్కుని రాయి. ఎవరి ఇంట్లో ఏం జరిగిందో తెలుసుకోవడం నీకు చేతకాని పనేం కాదు.

ఇప్పుడు తిట్లు. అత్తను ఈ వారమే డాక్టరుకు చూపించు. ఒట్టు సంగతి ఆ దేవుడు చూసుకుంటాడు.

లోహిత

*

కార్వేటినగరం,
2 జూలై 2024

అమ్మాయీ,

మీ అత్తను పుత్తూరు డాక్టరు దగ్గరికి తీసుకుపోయినాను. నా మోకాళ్లు చూపించాలని చెప్పి తీసుకుపోయినాను, అక్కడికి పోయినాక డాక్టరు చేత ఆమె చెయ్యే ముందు పట్టించినాను. తిరుగు బస్సులో నాతో మాట్లాడలేదు. రక్తపోటు ఎక్కువుందని మాత్రలు రాసినాడు, రక్తం పలచబడే మాత్ర కూడా ఒకటుంది. శనివారం ఒక్కపొద్దు ఉంటుంది కదా, ఆ రోజు మాత్ర మింగితే ఒక్కపొద్దు చెడుతుందని పేచీ పెట్టింది. మాత్ర అన్నం లెక్కలోకి రాదని మా గుడి పూజారి చేత చెప్పించినాను. ఇప్పుడు వేసుకుంటోంది.

నువ్వు అప్పజెప్పిన పని నాకు భలే నచ్చింది. ఇన్నాళ్లూ ఊరికే ఇళ్లలోకి తొంగి చూస్తానని మీ అత్త తిట్టేది, ఇప్పుడు ఆస్పత్రి పని మీద తొంగి చూస్తున్నాను.

ముందు మగవాళ్లను అడిగినాను. ఒకడు ఆటో దొరకలేదన్నాడు. ఇంకొకడు చిత్తూరు నుంచి కొడుకు రావాలని ఆగినామన్నాడు. ఊళ్లో సూదులు వేసే జయరావు దగ్గర సెలైన్ ఎక్కించుకున్నామని ఒకరిద్దరు చెప్పినారు. అయితే ఇవేమీ లేనివాళ్లు కూడా ఆలస్యంగానే చేరినారు. ఎల్లప్ప ఇంటి ముందరే ఆటో ఉండింది, కొడుకు ఇంట్లోనే ఉన్నాడు, జయరావు దగ్గరికి పోనే లేదు. అతని పెళ్లాం తాయమ్మ కూడా "ఎంటనే బయల్దేరినాం అన్నా" అనే అంటుంది. నేను వదల్లేదు. వెంటనే అంటే ఏమేం చేసినాక అని గుచ్చి గుచ్చి అడిగినాను. అప్పుడు చెప్పింది. నీళ్లు కాచినారు. ఎల్లప్పకు స్నానం చేయించినారు. తాయమ్మ కూడా తలకు పోసుకుంది. పసుపు గుడ్డలో రూపాయి పెట్టి ఏడుకొండలవాడికి ముడుపు కట్టింది. అప్పుడు బయలుదేరినారు.

ఇంకో నాలుగిళ్లలో అడిగితే అందరిదీ అదే వరస. కట్టెల పొయ్యి మీద నీళ్లు కాగాలి, మనిషికి పోయాలి, బట్టలు మార్చాలి, ముడుపు కట్టాలి. ఇదంతా వాళ్ల లెక్కలో ఆలస్యం కాదు. కాళ్లకు చెప్పులు వేసుకోవడాన్ని మనం ఆలస్యమంటామా? అట్లాంటిదే. అందుకే మీ ఆస్పత్రిలో ఎవరూ చెప్పలేదు.

ఎట్లా పట్టినానో చూసినావా?

మునస్వామి

*

తిరుపతి,
7 జూలై 2024

మామా,

నువ్వు పట్టింది మా డాక్టర్లు ఎవరికీ దొరకలేదు. నీ ఉత్తరం పెద్ద డాక్టరుగారికి చదివి వినిపించాను. ఆయన రెండోసారి చదివించుకున్నారు. తర్వాత గోడకు అంటించడానికి ఒక బొమ్మ వేయించమన్నారు. ముడుపు బొమ్మ మీద అడ్డంగా పెద్ద ఎర్ర గీత.

నాకైతే ఒళ్లు మండిపోతోంది. స్కాన్ గదికి పరిగెత్తి పరిగెత్తి మేము మిగిల్చే కాస్త సమయం అక్కడ నీళ్ల పొయ్యి దగ్గర పోతోందన్నమాట. ముడుపు కట్టేలోపు మెదడు చచ్చిపోతుందని ఊళ్లో గట్టిగా చెప్పు. స్నానం చేయకపోతే ఏ దేవుడికీ కోపం రాదని చెప్పు. ఇదంతా మూఢనమ్మకమని మొహం మీదే చెప్పు. నువ్వు చెప్తే వింటారు.

ఇంకొకటి. నీ పోయిన ఉత్తరంలో అక్షరాలు వరసలో నుంచి కిందికి జారాయి. ముందు ఉత్తరంలో అలా లేవు. అత్త పేరు చెప్పి నీ సంగతే దాస్తున్నావేమోనని నాకు అనుమానంగా ఉంది. నిజం చెప్పు. కుడి చేత్తో బిందె ఎత్తగలుగుతున్నావా?

లోహిత

*

కార్వేటినగరం,
21 జూలై 2024

లోహితా,

నా చెయ్యి బాగుంది. ఆ ఉత్తరం బోర్లించిన గంగాళం మీద పెట్టుకుని రాసినాను, గుండ్రటి దాని మీద అక్షరాలు జారక ఏం చేస్తాయి? బిందె కాదు, నిన్న నలుగురితో కలిసి వంద మందికి వండే గంగాళం ఎత్తినాను.

మూఢనమ్మకమని మొహం మీద చెప్పమన్నావు. నేను చెప్పను. నీకు నర్సు సీటు రావాలని మీ అమ్మ ముడుపు కట్టిన రోజు నువ్వు పక్కనే కూర్చుని గుడ్డకు పసుపు రాసినావు. సీటు వచ్చినాక కొండకు నడిచి పోయినావు. అప్పుడు లేని మూఢత్వం ఎల్లప్ప ఇంట్లో ఎక్కడి నుంచి వచ్చింది? మనుషులు భయపడినప్పుడు చేసే పని మీద ఎర్ర గీత గీస్తే వాళ్లు నీ బొమ్మ చూడరు, అవతలికి తిరిగి నడుస్తారు.

నేను ఇంకో దారి పట్టినాను. మా పూజారిని అడిగినాను, ప్రాణం మీదికి వచ్చినప్పుడు స్నానం లేకుండా మొక్కుకుంటే చెల్లుతుందా అని. మనసులో అనుకున్నప్పుడే ముడుపు పడినట్టు, గుడ్డ కట్టడం ఇంటికి తిరిగొచ్చినాక కూడా చేసుకోవచ్చని ఆయన చెప్పినాడు. ఈ మాట పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాను. మగవాళ్లు బాగుందంటున్నారు. ఆడవాళ్లు మాత్రం వింటారు, కొంగు సర్దుకుంటారు, లోపలికి పోతారు. తాయమ్మ అయితే, "నీకు సెప్తే అర్థం గాదులే అన్నా" అనేసింది. భక్తి అంత గట్టిది, ఏం చేస్తాం.

మీ అత్తకూ చెప్పినాను. మీ ఆస్పత్రిలో బండి మీద నుంచి దించకుండానే స్కాన్ తీస్తారని వివరంగా చెప్పినాను. అంతా విని ఒకే మాట అడిగింది, "ఆడ అంతా ఆడోళ్లే ఉంటారా, మొగోళ్లు గూడా ఉంటారా?" అని. ఎందుకంటే చెప్పలేదు. నీ ఉద్యోగం గురించి కావొచ్చు. నాకు తెలియదన్నాను. నువ్వు రాయి.

మునస్వామి

*

తిరుపతి,
10 ఆగస్టు 2024

మామా,

పసుపు రాసిన మాట నిజమే. ఆ ఎర్ర గీత తీయించేశాను.

అత్త ఎందుకు అడిగిందో నాకు అర్థమైంది. మా వార్డులో మగ నర్సులూ ఉన్నారు, డాక్టర్లలో ఇద్దరికి పెళ్లి కాలేదు, వాళ్లలో ఎవరి మీదా నాకు మనసు లేదు. నాకు సంబంధాలు చూసే పని పెట్టుకోవద్దని చెప్పు.

అసలు సంగతికి వస్తాను. నన్ను ఆరు వారాల శిక్షణకు విశాఖపట్నం పంపుతున్నారు. నేను లేనప్పుడు ఏమైనా అయితే అని గుబులుగా ఉంది. అందుకే నాతో పనిచేసే జయంతికి అన్నీ చెప్పాను. కార్వేటినగరం నుంచి చెవులు వినపడని పెద్దాయన వస్తే అరవొద్దని, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించమని చెప్పాను.

నువ్వు చేయాల్సింది ఇది. నోరు జారినా, చెయ్యి పడినా, మాట తేడా వచ్చినా నీ టెంపో డ్రైవరు సునీల్‌కుమార్ చేత 108కి ఫోన్ చేయించు. వాళ్లు దారిలోనే మా వాళ్లకు కబురు చేస్తారు. నోట్లో నీళ్లు కూడా పోయొద్దు, మింగుడు పడక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చివరిసారి ఆమెను మామూలుగా ఎప్పుడు చూశావో గుర్తు పెట్టుకో. డాక్టరు అడిగే మొదటి మాట అదే.

విశాఖ చిరునామా వెనక రాశాను. ఈసారి కండక్టరుకు కాదు, పోస్టులో వేయాలి.

లోహిత

*

తిరుపతి, మీ ఆస్పత్రి వరండా,
3 సెప్టెంబరు 2024

లోహితా,

నువ్వు లేని రోజు చూసుకునే వచ్చింది. జయంతి నీకు ఫోన్లో చెప్పే ఉంటుంది. మీ అత్త బతికింది, బాగుంది. ఆ మాట ముందు రాసేస్తే మిగతాది నువ్వు కుదురుగా చదువుతావు.

శనివారం పొద్దున నాకు కాఫీ ఇచ్చి, ఎండకాలం పోయినా ఎండ పోలేదని ఏదో సణుగుతూ పెరట్లోకి పోయింది. పెదాలు స్పష్టంగా కనిపించినాయి, అందుకే గుర్తుంది. నేను సగం తాగి గ్లాసు పట్టుకునే వెనక్కి పోయినాను. తొట్టి పక్కన గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. తొట్టి నీళ్లు ఒలికినట్టున్నాయి, చీర తడిసి ఉంది. నన్ను చూసి మాట్లాడబోయింది, పెదాలు ఒక పక్కే కదిలినాయి. కుడి చెయ్యి ఎత్తితే గుడ్డపేలికలా జారిపోయింది. కాఫీ ఇంకా వేడిగానే ఉంది.

సునీల్‌కుమార్ వీధిలో పెళ్లి పాత్రలు టెంపోకు ఎక్కిస్తున్నాడు. అన్నీ రోడ్డు మీదకే దించేసినాడు. 108కి ఫోన్ చేసి, పుత్తూరు దారిలో ఎదురు రమ్మన్నాడు. ఇంతలో చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చేసినారు. తాయమ్మ నా కళ్ల ముందరే పొయ్యి మీద నీళ్లు పెట్టింది. ఇన్ని ఇళ్లు తిరిగి ఇంత చెప్పింది ఇందుకేనా అనుకున్నాను. వాళ్లు అడ్డం నిలబడి ఏదేదో చెప్తున్నారు, నాకు ఎవరి మాటా వినపడదు, వినపడకపోవడమే మంచిదైంది. జ్ఞానాంబను ఎత్తుకున్నాను. గడప దాటేటప్పుడు ఆమె ఎడమ చేత్తో తలుపు చట్రం పట్టుకుంది. చూపు లోపలి వైపే ఉంది, దేవుడి గూడు ఉన్న వైపు. వదలమని బతిమాలినాను, వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసినాను. మా కాపురంలో ఆమె వద్దన్న పని నేను చేయడం అదే మొదటిసారి. టెంపోలోనూ, దారిలో ఎదురొచ్చిన 108లోకి మార్చినాక కూడా కళ్లు మూసుకునే ఉంది, కళ్లలో నుంచి నీళ్లు కారుతున్నాయి. స్వామీ, గుడ్డ తర్వాత కడతాను, మనిషిని మాత్రం ఇప్పుడే ఇవ్వు అని మొక్కుకున్నాను.

మీ గేటు దగ్గర జయంతి కాగితంతో నిలబడి ఉంది. "చివరగా ఎప్పుడు బాగున్నారు?" అని రాసి చూపించింది. కాఫీ సంగతి చెప్పినాను. బండి అట్లే స్కాన్ గదిలోకి పోయింది. నాళం పగల్లేదు, గడ్డేనని డాక్టరు రాసి చూపించినాడు. అక్కడే మందు ఎక్కించినారు. సాయంత్రానికి కుడి చేతి వేళ్లు కదిలినాయి. నేను వరండాలో కూర్చుని సిగ్గు లేకుండా ఏడ్చినాను.

ఇప్పుడు ఒక సందేహం, నువ్వే తీర్చాలి. నిన్నటి నుంచి మాట వచ్చింది. జయంతితో మాట్లాడుతుంది, పక్క మంచం ఆమెతో మాట్లాడుతుంది. నేను పోతే గోడ వైపు తిరుగుతుంది, పెదాలు నాకు కనపడనివ్వదు. డాక్టరును అడిగితే మాట తొంభై పాళ్లు వచ్చేసిందని రాసినాడు. ఆ మిగిలిన పది పాళ్లు నాతో మాట్లాడేవేనా? ఒక్క మనిషితో మాత్రం మాట్లాడనివ్వకుండా చేసే భాగం మెదడులో ఎక్కడైనా ఉందా?

మునస్వామి

*

విశాఖపట్నం,
8 సెప్టెంబరు 2024

మామా,

అలాంటి భాగం మెదడులో లేదు. అత్తకు నీ మీద కోపం వచ్చింది, అంతే. మెదడు పూర్తిగా పనిచేస్తోందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

జయంతి ఫోన్ చేసిన రోజు నేను క్లాసులో ఉన్నాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నువ్వు ఆ వేళ్లు విడదీయకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు, రోజూ చూస్తాను కాబట్టి బాగా తెలుసు. ఆమెకు తెలియదు కదా. ముడుపు కట్టకుండా, స్నానం చేయనివ్వకుండా ఎత్తుకొచ్చావని బాధపడుతూ ఉంటుంది. ఇంటికి పోగానే తలస్నానం చేసి ముడుపు కట్టి ఆమెకు చూపించు. కరిగిపోతుంది.

ఇంకో మాట. ఆలస్యాలు ఎక్కడెక్కడ జరుగుతాయని ఇక్కడ ఒక రోజు చర్చ పెట్టారు. నేను లేచి నీ ముడుపు సంగతి చెప్పాను, పూజారి మాటతో సహా. అందరూ రాసుకున్నారు. మామ కనిపెట్టాడని గర్వంగా చెప్పాను.

లోహిత

*

కార్వేటినగరం,
29 సెప్టెంబరు 2024

లోహితా,

ఆ రోజు రాసుకున్నవాళ్లందరినీ వెతికి పట్టుకుని, రాసుకున్నది కొట్టేయమని చెప్పు. నేను కనిపెట్టింది తప్పు.

ఇంటికి వచ్చి పది రోజులైంది. మీ అత్త గోడ పట్టుకుని నడుస్తుంది, కుడి చేత్తో గ్లాసు పట్టుకుంటుంది, ఎత్తేటప్పుడు కాస్త వణుకుతుంది. నాతో మాత్రం మాట లేదు. నువ్వు చెప్పినట్టే తలకు పోసుకుని, పసుపు గుడ్డ కట్టి, పళ్లెంలో పెట్టుకుని పోయి ఆమె ముందు నిలబడినాను. దాన్ని చూసింది, నన్ను చూసింది. దగ్గరికి రమ్మంది. నాకు పెదాలు బాగా కనపడేటట్టు మొహం వెలుతురు వైపు తిప్పుకుని, నిదానంగా చెప్పింది.

"ముడుపు కోసరం గాదు. నాకు తెలీకుండానే ఒంటికి, రెంటికి అయిపోయింది. ఆ చీరతోనే ఈది పొడుగునా ఎత్తుకొచ్చినావు. సునీలు సూసినాడు. ఆ అంబులెన్సు పిల్లోళ్లు సూసినారు. పెండ్లికొచ్చినోళ్లందరికీ దుప్పట్లు పరుస్తావు. నాకొకటి కప్పలేదు."

తొట్టి నీళ్లని నేను అనుకున్నాను. ఆమె చూపు దేవుడి గూడు వైపు అనుకున్నాను, అదే వైపు దండెం మీద ఉతికిన చీర ఉంది. మగవాళ్లు కూడా ఉంటారా అని ముందే అడిగింది, ఎందుకు అడిగిందో నాకూ తెలియలేదు, నీకూ తెలియలేదు. ఇద్దరం కలిసి నీ పెళ్లి దాకా పోయినాం. నా కొట్టులో ఉతికి మడత పెట్టిన దుప్పట్లు అటక దాకా ఉన్నాయి లోహితా. చెయ్యి చాపితే అందే దూరం.

నేను తప్పు చేసినానని చెప్పినాను. ఎత్తుకొచ్చినందుకు కాదు, మళ్లీ అయినా ఎత్తుకొస్తాను, కప్పనందుకు అని చెప్పినాను. "ఇంగ ఊరుకో" అనింది. కాఫీ అడిగింది. పెట్టి ఇచ్చినాను.

ఆ సాయంత్రం తాయమ్మ ఇంటికి పోయినాను. ఎల్లప్ప లోపల మంచంలో నిద్రపోతున్నాడు. ఎట్లా అడగాలో తెలియక, జ్ఞానాంబ నాకు అంతా చెప్పిందని మాత్రం అన్నాను. తాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది తీసి మాట్లాడమ్మా, నాకు పెదాలు కనపడాల అన్నాను. ఎల్లప్పకూ ఆ రోజు అదే జరిగిందట, పంచె పాడైపోయిందట. ఆటో వీధిలో సిద్ధంగా ఉన్నా, బస్టాండు ముందర నుంచి అతన్ని అట్లా తీసుకుపోవడానికి ఆమెకు మనసు రాలేదు. ముడుపు అంటే ఇంకెవరూ ఏమీ అడగరు కాబట్టి అందరికీ ముడుపు అనే చెప్పిందట. ముడుపు కూడా నిజంగానే కట్టింది, నీళ్లు కాగే లోపల. మిగతా ఇళ్లలోనూ అంతే అయి ఉంటుంది. మగవాడిని, అందులోనూ ఇల్లిల్లూ తిరిగే నోరున్నవాడిని, నాకెవరు చెప్తారు?

ఇప్పుడు నేను తిరగడం మానేసినాను. మీ అత్తే మాట్లాడుతుంది. చూడ్డానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ చెప్తుంది, ఆస్పత్రిలో జయంతి తన చీర మార్చినప్పుడు ముక్కు కూడా చిట్లించలేదని, దుప్పటి కప్పి అట్లే పోవచ్చని. వాళ్లు ఈసారి కొంగు సర్దుకుని లేచిపోవడం లేదు, దగ్గరికి జరిగి కూర్చుంటున్నారు. నేను వసారాలో నుంచి చూస్తాను. మీరు బొమ్మ వేయిస్తే ముడుపు వద్దు, దుప్పటి వేయించు.

తాయమ్మ నన్ను గుమ్మం దాకా సాగనంపింది. నేను చెప్పులు వేసుకుంటుంటే నా భుజం తట్టి, తన వైపు తిప్పుకుని అడిగింది.

"ఆ నీల్లు కాగేలోపల ఆయన సెయ్యి పోతుందని నాకు ఆ పొద్దు ఎవురన్నా జెప్పింటే, నేను పొయ్యి ముట్టించేదాన్నా అన్నా?"

ముట్టించేదానివి కాదమ్మా అన్నాను. ఆమెకు ఇంకేం చెప్పాలో నాకు తెలియలేదు. నీకు తెలిస్తే, నాకు కాదు, ఆమెకే రాయి. ఆమె చదువుకోలేదు, మీ అత్త చదివి వినిపిస్తుంది.

నీ మామ